ఎర్రమట్టి గుట్టల మీదుగా

పరుగు!

అలివేలు పరుగెడుతోంది.

తూర్పున ఇంకా వెలుగు రాలేదు. కాళ్ళ కింద ఎర్రమట్టి... రాత్రంతా కురిసిన వానకి నాని జారుతోంది. రెండు పక్కలా జీడిమామిడి చెట్లు. కొమ్మలు ముఖానికి ఛెళ్ళున తగులుతున్నాయి.

గుట్ట ఎక్కుతుంది. దిగుతుంది. మళ్ళీ ఎక్కుతుంది.

కొండలేం కావు ఇవి. సముద్రం దాకా మెల్లగా లేస్తూ, మెల్లగా వాలుతూ పోయే మట్టి దిబ్బలు. మద్రాసు దాటి పాత మహాబలిపురం రోడ్డు మీద వస్తే తూర్పున కనిపిస్తాయి. రెండేళ్ళుగా అలివేలు ప్రాక్టీసు వీటి మీదే. ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ గుంట ఉందో ఆమె పాదాలకి తెలుసు.

రోజూ గడియారంతో పోటీ.

ఇవాళ జీపుతో!

జీపు ముందు చేరితే... చెల్లెలు కోకిల బతకదు.

కాసేపటి క్రితం, పరుగు పోటీల క్యాంపులో కిటికీ తలుపు దబదబా మోగింది.

"అలివేలూ! లెయ్! లెయ్!"

శివరామ్ గొంతు.

శివరామ్‌ది నెల్లూరు. స్టీపుల్‌ఛేజ్ ఆటగాడు. ఇదే క్యాంపులో మగపిల్లల హాల్లో ఉంటాడు. ఈ గుట్టలన్నీ అలివేలుతో కలిసి తొక్కినవాడు. మొన్న దసరాకి మద్రాసు చింతాద్రిపేట వచ్చి, ఆమె నాన్న సైకిలు కొట్లో కూర్చుని, "మీ అమ్మాయిని నాకివ్వండి" అని అడిగినవాడు. నాన్న నవ్వి కాఫీ తెప్పించాడు. అంటే సరేనన్నట్టే.

"ఏంది శివా?"

"వాళ్ళకి తెలిసిపోయింది! కోకిల యాడుందో తెలిసిపోయింది!"

అలివేలు బూట్ల కోసం తడిమింది.

"ఎవరు చెప్పినారు?"

"అదంతా ఇప్పుడెందుకు? చక్రవర్తి జీపు బయలుదేరింది. నేను చూసినా. వానకి కల్వర్టు కొట్టుకుపోయింది గదా, వాళ్ళు తిరుప్పోరూరు చుట్టి పోవాల. నువ్వు గుట్టల మీద అడ్డంపడి పో. ముందు నువ్వే చేరతావు!"

"మరి నువ్వు?"

"టెలిఫోన్ బూతువాణ్ణి లేపి వకీలుకి ఫోన్ కొడతా. నిలబడొద్దు అలివేలూ... పో!"

బూట్ల లేసులు కట్టుకుంది. అంతే. గేటు కూడా తెరవలేదు. గోడ దూకింది.

పరుగు!

మూడో గుట్ట. ఊపిరి ఛాతీలో మండుతోంది.

పదివేల మీటర్లలో రాష్ట్రం మొత్తం మీద ఆమెను దాటిన ఆడపిల్ల లేదు. కోచ్ ఎప్పుడూ ఒకటే చెబుతాడు. మొదట్లోనే అంతా ఖర్చు పెట్టెయ్యకు... చివరికి దాచుకో.

ఇవాళ ఏం దాచుకోవాలి? ఎవరి కోసం?

ఇంకా వేగం పెంచింది.

ఇదే గుట్ట. ఇక్కడే మొదలైంది అంతా.

అక్టోబరులో కోకిల సెలవులకి అక్క దగ్గరికి వచ్చింది. కాలేజీ పిల్ల. మహా వాగుడుకాయ. అక్క పరుగెడుతుంటే వెనక సైకిలు తొక్కుతూ నీళ్ళ సీసా పట్టుకుని వచ్చేది. "ఇంకా ఫాస్టుగా అక్కా! నా సైకిలే నయం!" అని వేళాకోళం చేసేది.

ఆ సాయంత్రం సైకిలు చైను ఊడింది.

"నువ్వు పోక్కా. నేను చైను తగిలించుకుని వస్తా" అంది.

అలివేలు గుట్ట దాటి అవతలికి దిగిపోయింది. వెనక టప్ మని శబ్దం. ఎవరో కొంగల్ని కొడుతున్నారనుకుంది. ఆగలేదు.

కోకిల మాత్రం చూసింది.

జీడితోట యజమాని ముసలి చిన్నసామి మోకాళ్ళ మీద ఉన్నాడు. చేతులెత్తి దండం పెడుతున్నాడు. ఎదురుగా తెల్ల చొక్కా మనిషి. ఈ గుట్టలన్నీ కొని ప్లాట్లు వేస్తున్న చక్రవర్తి. అమ్మనని మొండికేసింది చిన్నసామి ఒక్కడే.

తెల్ల చొక్కా చెయ్యి లేచింది.

ముసలాయన ముందుకి పడిపోయాడు.

చెట్టు చాటున కోకిల నోట్లో ఓణీ కుక్కుకుని కూర్చుంది. చీకటి పడేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

శవం రాళ్ళ క్వారీ నీళ్ళలో తేలింది. తాగి పడ్డాడని రాశారు స్థానిక పోలీసులు. బుల్లెట్ మాట ఎవరూ ఎత్తలేదు.

చూసింది కోకిల ఒక్కతే. ఆ సంగతి చక్రవర్తికీ తెలిసింది. చైను ఊడిన సైకిలు అక్కడే దొరికింది కదా! సైకిలు మీద నాన్న కొట్టు పేరు కూడా ఉంది.

నాన్న ఏడ్చాడు. "మనకెందుకమ్మా? వ్యాపారం చేసుకునేవాళ్ళం" అన్నాడు. కోకిల వినలేదు. "ఆ తాత దండం పెట్టినాడు నాన్నా. అయినా కాల్చేసినాడు. నేను చెప్తా" అంది.

వకీలు వెంకటాచలపతి ఒప్పుకున్నాడు. చెంగల్పట్టు మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం.

ఇవాళే! కోర్టు తెరవగానే!

అందాకా దాచాలి.

దాచింది అలివేలు. ఎక్కడ దాచిందో నాన్నకి చెప్పలేదు. శివరామ్‌కి చెప్పలేదు. వకీలు అసలు అడగనే లేదు. "తెల్లారినాక కోవళం గుడి దగ్గరికి తీసుకురా తల్లీ, కారు పెడతా" అన్నాడు.

తెలిసింది ఇద్దరికే. అలివేలుకి... కోకిలని తన గుడిసెలో ఉంచుకున్న అంజలైకి.

మరి ఎవరు చెప్పారు?

అంజలై?

ఆ ఆలోచనకి అలివేలు కాలు తడబడింది. వేరు తగిలి బోర్లా పడింది. మోచేతులు చీరుకుపోయాయి.

లేచింది.

పరుగు!

*

గుట్ట కొన మీదికి వచ్చింది. ఇక్కణ్ణించి దక్షిణాన తిరుప్పోరూరు రోడ్డు మొత్తం కనిపిస్తుంది.

చూసింది.

చీకటి.

హెడ్‌లైట్లు లేవు. ఎక్కడా లేవు!

జీపు ఇంకా రాలేదా? లేక...

దాటిపోయిందా!

దాటిపోయుంటే అయిపోయినట్టే. ఈపాటికి కుప్పం, ఆ జాలరి పల్లె చేరి ఉంటారు. గుడిసె తలుపు తన్ని ఉంటారు. కోకిల నిద్రలో ఉంటుంది. అది ఎప్పుడూ ముసుగు తన్ని పడుకుంటుంది...

"లేదు! లేదు!"

పైకే అరిచింది. వాలు దిగుతూ అరిచింది.

ఎదురుగా ఏదో ఛాతీకి బలంగా తగిలింది!

ముళ్ళతీగ.

కొత్తది. నిన్నటిదాకా లేదు. దారికి అడ్డంగా రాతి స్తంభాలు పాతి తీగ లాగారు. తెల్లసున్నం కొట్టిన ప్లాటు రాళ్ళు వరసగా, సమాధుల్లా.

చక్రవర్తి కంచె.

తీగల మధ్య నుంచి దూరింది. తొడ మీద చర్మం చిరిగింది. వెచ్చగా రక్తం మోకాలి దాకా జారింది. కాలు లాగింది. తీగ వదల్లేదు. ఇంకా గట్టిగా లాగింది.

బట్ట పోయింది. కొంచెం కండ కూడా పోయింది.

అవతల పడింది.

లేచింది.

ఇక ఉప్పు మడులు. దాటితే ఇసుక దిబ్బలు, సరుగుడు చెట్ల సవుకు తోపు, సముద్రం. మడుల మధ్య సన్నటి గట్టు మీద ఒక్క మనిషికే చోటు. బండి రాదు. అందుకే ఈ దారి ఆమెకి ఇష్టం.

గట్టు సగంలో ఆగిపోయింది.

గట్టు లేదు!

వాన నీళ్ళు కోసేశాయి. ఎదురుగా నల్లగా నీళ్ళు. లోతెంతో తెలీదు.

దిగింది.

నడుం దాకా. తర్వాత ఛాతీ దాకా. ఉప్పునీళ్ళు తొడ మీది గాయానికి తగిలాయి. నిప్పు పెట్టినట్టయింది. పళ్ళు బిగబట్టింది. కింద బురద బూటుని పీల్చేస్తోంది. ఒక బూటు అక్కడే ఉండిపోయింది.

పోనీ.

అవతలి గట్టు దొరికింది. గోళ్ళతో పాకింది.

వెనక ఎక్కడో నీళ్ళు కదిలిన చప్పుడు.

తిరిగి చూసింది. ఏమీ లేదు. మసక చీకట్లో మడులు మాత్రం మెరుస్తున్నాయి.

ఒంటి బూటుతో... పరుగు!

*

సవుకు తోపు. రాలిన ఆకులు పరుపులా ఉన్నాయి. అడుగుల చప్పుడు లేదు. ఆమె ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

తోపు దాటింది.

కుప్పం.

జాలర్ల గుడిసెలు. ఇసుక మీదికి లాగిన కట్టుమరాలు. వలలు. చేపల వాసన.

జీపు లేదు!

మనుషులు లేరు. అరుపులు లేవు. కుక్క ఒకటి తలెత్తి చూసి మళ్ళీ పడుకుంది.

ముందు చేరింది!

అలివేలుకి ఏడుపు వచ్చింది. నవ్వు వచ్చింది. రెండూ కలిసి దగ్గు వచ్చింది. చివరి గుడిసె తలుపు తోసింది.

"కోకిలా!"

ముసుగు కదిలింది. చెదిరిన జుట్టు, నిద్ర మొహం.

"అక్కా? ఏంది, ఈ యాళప్పుడు ఈడికొచ్చినావు? అయ్యయ్యో, ఏందక్కా ఈ రక్తం!"

అలివేలు దాన్ని గట్టిగా వాటేసుకుంది. ఎముకలు విరిగేలా.

"లెయ్‌డీ. వాళ్ళు వస్తాండారు. ఇప్పుడే పోవాల."

"ఎవురు? ఆయనా?"

కోకిల అక్క చెయ్యి పట్టుకుంది.

మూల నుంచి అంజలై లేచింది. బలమైన మనిషి. నల్లటి ముఖం మీద ముక్కుపుడక మెరుస్తోంది. చింతాద్రిపేట చేపల మార్కెట్లో ఏళ్ళ తరబడి చేపలమ్మి, అరవం కలిసిన తెలుగు నేర్చింది. అలివేలుని చిన్నప్పటి నుంచీ ఎరుగును.

"ఎవరు చెప్పినారు వాళ్ళకి?" అంది అంజలై.

అలివేలు ఆమె కళ్ళలోకి చూసింది. ఒక్క క్షణం.

అంజలైకి అర్థమైంది. ముఖం బిగుసుకుంది.

"నేనా? నా మీదా అనుమానం? నా మొగుడు సముద్రంలో పోయినప్పుడు మీ అమ్మ నాకు కడుపుకి సోరు పెట్టింది పాపా. ఆ సోరు మీద ఒట్టు."

అలివేలు తల దించుకుంది.

"తప్పయిపోయింది అక్కా."

మరి ఎవరు?

బయట కుక్క మొరిగింది.

ముగ్గురూ బిగుసుకుపోయారు.

అలివేలు తలుపు సందులోంచి చూసింది. ఇసుక దిబ్బ మీద ఒక మనిషి. ఒంటరిగా. చేతిలో టార్చిలైటు. నడుము మీద చేతులు పెట్టుకుని వగరుస్తున్నాడు. తొడల దాకా బురద.

ఆ నిలబడే తీరు ఆమెకి తెలుసు.

"శివా!"

ప్రాణం లేచి వచ్చింది. తలుపు తీసుకుని బయటికి ఉరికింది.

"బావా!" అంటూ కోకిల వెనకే వచ్చింది.

"శివా, వకీలు దొరికినాడా? ఏమన్నాడు? నువ్వు ఈడికెట్ట వచ్చినావు?"

శివరామ్ అలివేలు వైపు చూడలేదు. ఆమె భుజం మీదుగా కోకిలని చూస్తున్నాడు.

"శివా?"

"నీ వెనకే వచ్చినా."

అలివేలు ఒకడుగు వెనక్కి వేసింది.

"నా వెనకా? ఫోన్ చెయ్యలా?"

తల అడ్డంగా ఊపాడు.

"మరి జీపు?"

"యాడికీ బయలుదేరలా అలివేలూ."

ఒక్కొక్క మాటే ఆమె తలలోకి దిగుతోంది. రోడ్డు మీద హెడ్‌లైట్లు లేకపోవడం... జీపు దాటిపోయినందుకు కాదు. అది ఆ రోడ్డెక్కనే లేదు. కోకిల ఎక్కడుందో వాళ్ళకి తెలీదు. ఎవరూ చెప్పలేదు.

చూపించింది!

తనే... పరుగెత్తుకుంటూ వచ్చి... చూపించింది!

శివరామ్ టార్చి ఎత్తాడు. ఉత్తరం వైపు తిప్పాడు. వెలిగించాడు. ఆర్పాడు. వెలిగించాడు.

తీరం వెంట, తోపు చివర, ఇంజన్ గుర్రుమంది!

"వద్దు శివా!"

టార్చి మీద పడి లాక్కుంది. ఇసుకలోకి విసిరింది. కానీ అప్పటికే రెండు హెడ్‌లైట్లు వెలిగాయి. దూరంగా, పచ్చగా. ఇటే తిరిగాయి.

"ఏదో ఒక కుప్పంలోనే ఉంటుందని వాళ్ళకి తెలుసు. రాత్రే జీపు తీరానికి తెచ్చి నా టార్చి కోసం కాచుకున్నారు" అంటున్నాడు శివరామ్. "రాత్రి నన్ను తోటలోకి తీసకపోయినారు. బల్ల మీద పండబెట్టినారు. గొడ్డలి ఈడ పెట్టినారు, మోకాలి మీద. తీసేస్తామన్నారు. రెండూ తీసేస్తామన్నారు! కాళ్ళు లేకపోతే నాకేముంది అలివేలూ? చెప్పు, నాకేముంది?"

ఏడుస్తున్నాడు.

"కోకిలని ఏం చెయ్యరంట. మాట్లాడతారంట. అంతే. చక్రవర్తి సారు ఒట్టేసినాడు."

"చిన్నసామితో మాట్లాడినట్టా?"

శివరామ్ మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

ధప్!

తెడ్డు అతని తల మీద పడింది. శివరామ్ మోకాళ్ళ మీద కూలాడు. ఇసుకలోకి ఒరిగాడు. వెనక అంజలై. రెండు చేతులా తెడ్డు.

"ఏడ్చేది తర్వాత. కట్టుమరం తోయండి!"

*

కట్టుమరం బరువుగా ఉంది. దుంగలు తడిసి ఉన్నాయి.

ముగ్గురూ తోస్తున్నారు. ఇసుక మీద అంగుళం... ఇంకో అంగుళం...

మిగతా గుడిసెల్లో దీపం వెలగలేదు. మగవాళ్ళు వేటకి పోయారు. ముసలివాళ్ళు ఇంజన్ చప్పుడు విన్నారు. తలుపులు బిగించుకున్నారు.

హెడ్‌లైట్లు పెద్దవవుతున్నాయి.

మొదటి అల వచ్చి దుంగల కింద దూరింది. మరం తేలింది.

"అల దాటితే చాలు" అంది అంజలై. "ఆ తెల్ల నురగ దాటితే జీపేంది, ఎవడూ రాలేడు. కోవళంలో దించేస్తా. కానీ అది దాటేదానికి కొంచెం టైం కావాల పాపా. కొంచెం టైం."

టైం లేదు. ఎవరైనా ఇవ్వాలి.

అలివేలు చెల్లెలి వైపు తిరిగింది.

"నీ ఓణీ ఇయ్యి."

"ఏంటికి?"

"ఇయ్యిడీ!"

పసుపు ఓణీ. చీకట్లో కూడా కనిపించే పసుపు. లాక్కుని ఒంటికి చుట్టుకుంది. జడ విప్పేసింది, కోకిల జుట్టులా చెదరగొట్టుకుంది.

కోకిలకి అప్పుడు అర్థమైంది.

"వద్దక్కా! నేను పోనివ్వను! నాకు భయంగా ఉండాది..."

"నన్ను పట్టుకునేవాడు వాళ్ళలో ఎవడున్నాడే?"

నవ్వడానికి చూసింది. పెదాలు కదల్లేదు.

"కోర్టులో గట్టిగా చెప్పు. మెల్లగా చెప్తే రాసుకోరు. సరేనా?"

కోకిల ఆమె చెయ్యి వదల్లేదు. అలివేలే వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది.

అంజలై మరాన్ని నీళ్ళలోకి తోసింది.

అలివేలు వెనక్కి చూడలేదు.

పరుగు!

*

హెడ్‌లైట్ల వెలుగులోకి నేరుగా పరుగెత్తింది. కావాలనే. కాంతి ఒంటి మీద పడేదాకా ఆగి... గిరుక్కున తిరిగి... ఇసుక దిబ్బల వైపు.

"అదిగో! పసుపు బట్ట! ఆ పిల్లే!"

జీపు దిబ్బ మీదికి లేచింది. సగంలో చక్రాలు ఇసుకలో గిర్రున తిరిగాయి. దిగబడింది!

"దిగండిరా! ఉరకండి!"

చక్రవర్తి గొంతు. ఎప్పుడూ వినలేదు ఆమె. మామూలు గొంతు. బజార్లో బేరమాడే మనిషిలా ఉంది.

టార్చిలైట్లు. అడుగులు. ముగ్గురు.

వస్తున్నారు... వెంట వస్తున్నారు!

రండి. ఇటు రండి. సముద్రం వైపు చూడకండి.

ఇప్పుడు అలివేలు జీవితంలో ఎప్పుడూ చెయ్యని పని చేస్తోంది. మెల్లగా పరుగెడుతోంది. చేతులు అటూ ఇటూ ఊపుతోంది. తడబడుతోంది. సైకిలు తప్ప ఏమీ తెలియని చెల్లెలు ఎట్లా పరుగెడుతుందో అట్లా.

దగ్గరవుతున్నారు. వాళ్ళ బూతులు వినిపిస్తున్నాయి.

కొంచెం వేగం. కొంచెమే. చేతికి చిక్కకూడదు. చూపు దాటకూడదు.

ఒక దిబ్బ. దాని మీంచి దిగింది. వాళ్ళూ దిగారు.

కుప్పం వెనకబడిపోతోంది. సముద్రం హోరు ఒక పక్కకి పోయింది.

ఇంకో దిబ్బ. ఇదీ అయితే చాలు. దీని అవతల సవుకు తోపు. అందులో గంటసేపు తిప్పగలదు వీళ్ళని. ఈలోగా మరం నురగ దాటిపోతుంది. తెల్లారుతుంది. గుడి దగ్గర కారు ఉంటుంది...

మొదటిసారి ఆశ కలిగింది.

దిబ్బ నిటారుగా ఉంది. ఇసుక కాలిని మింగుతోంది. తొడ గాయం తెరుచుకుంది. మోకాలు మడతపడింది.

పడబోయింది.

పడలేదు!

శరీరం తనంతట తనే సర్దుకుంది. మెడ నిలబడింది. మోచేతులు పక్కలకి చేరాయి. మునివేళ్ళు ఇసుకని చిన్నగా, చురుగ్గా తన్నాయి. రెండేళ్ళు రోజూ పొద్దున నేర్చుకున్న అడుగు. ఆలోచించకుండా వచ్చే అడుగు.

జింకలా ఎక్కేసింది.

కొన మీద టార్చిలైటు వెలుగు ఆమె మీద పడింది.

కింద నుంచి ఒక అరుపు!

"అది కోకిల కాదు సార్!"

శివరామ్.

జీపు బానెట్ పట్టుకుని నిలబడ్డాడు. తల మీంచి రక్తం కళ్ళలోకి కారుతోంది. ఒక చెయ్యి పైకెత్తి ఆమెను చూపిస్తున్నాడు.

"అది అలివేలు! ఆ అడుగు నాకు తెలుసు! ఆ పిల్ల ఆడ లేదు సార్... సముద్రం! సముద్రంలో చూడండి!"

అడుగులు ఆగిపోయాయి.

టార్చిలైట్లు ఒక్కొక్కటీ వెనక్కి తిరిగాయి.

"లేదు! నేనే కోకిలని! నేనే చూసినా! నన్ను పట్టుకోండ్రా! చిన్నసామిని చంపింది నేనే చూసినా!"

గొంతు చించుకుని అరిచింది.

ఎవరూ తల తిప్పలేదు.

ఇద్దరు మనుషులు జీపుని భుజాలతో నెట్టారు. ముక్కు సముద్రం వైపు తిరిగింది. హెడ్‌లైట్లు నీళ్ళ మీద పరుచుకున్నాయి. నురగ మీద... దుంగల మీద...

కట్టుమరం!

దాటలేదు. ఒకసారి అల వెనక్కి విసిరినట్టుంది. మళ్ళీ మొదలుపెట్టింది అంజలై. నిలబడి తెడ్డు వేస్తోంది. ఆమె కాళ్ళ దగ్గర ముడుచుకుని చిన్న ఆకారం.

అలివేలు దిబ్బ మీంచి దూకింది.

ఇప్పుడు నటన లేదు. దాచుకోవడం లేదు. ఓణీ గాలికి ఊడిపోయింది. రెండో బూటూ పోయింది. ఇసుక, గవ్వలు, ముళ్ళు. ఇంత వేగంగా ఎప్పుడూ పరుగెత్తలేదు. ఏ ట్రాకు మీదా పరుగెత్తలేదు.

శివరామ్ ఎదురొచ్చాడు. "అలివేలూ, వద్దు..."

భుజంతో కొట్టింది. పడిపోయాడు. ఆగలేదు.

చక్రవర్తి తడి ఇసుక మీద నిలబడి ఉన్నాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. పంచె తడవకుండా ఎత్తి కట్టాడు. తుపాకీ ఉన్న చెయ్యి చాచాడు.

ఇంకా దూరం ఉంది.

పెద్ద అల లేచింది. నల్లగా, గోడలా. మరం దాని మీదికి ఎక్కుతోంది. ఇది దాటితే చాలు. ఒక్కటి దాటితే చాలు.

ఎక్కు... ఎక్కు...

కొన దాకా వెళ్ళింది. చిన్న ఆకారం లేచి కూర్చుంది. ఒడ్డు వైపు చూసింది. చెయ్యెత్తింది.

"అక్కా!"

"పడుకో! కోకిలా, పడుకో!"

ధన్!

అల విరిగింది. తెల్లటి నురగ. ఏమీ కనిపించలేదు.

అలివేలు పరుగెడుతూనే ఉంది.

నురగ తగ్గింది. అలకి అవతల కట్టుమరం తేలింది.

దాని మీద అంజలై ఒక్కతే ఉంది.